నిలవ సరుకు: ట్రంకు రోడ్డులో ఒక బట్టల షాపు పెరిగిన తీరు, తరిగిన తీరు

2019 మార్చి 31, ఆదివారం. ఏడాది చివరి స్టాకు లెక్క కోసం షాపు షట్టరు సగం దించి పెట్టారు. నేను, నా ఆఫీసు కుర్రాళ్లు ఇద్దరు, షాపు స్టాఫ్ పన్నెండు మంది పొద్దున ఏడింటికే మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి మూడో అంతస్తు వెనక గదికి చేరాం. అట్టపెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఒకటి విప్పితే బూట్‌కట్ జీన్స్, ఇంకొకటి విప్పితే నేల దాకా జారే అనార్కలీ డ్రస్సులు. టాగ్ మీద ధర ఉంది, సైజు ఉంది, బార్‌కోడ్ ఉంది. ఎప్పుడు వచ్చిందో మాత్రం లేదు.

"ఇవి ఎప్పటివి పెద్దాయనా?" అని షాపు యజమానిని అడిగాను.

"మంచి సరుకు సార్. ఫ్యాషన్ తిరిగొస్తాది. యాడికి పోతాది?" అన్నారాయన.

కొనుగోలు బిల్లులు వెతికి చూస్తే ఆ జీన్స్ 2013వి. ఆరేళ్లుగా ప్రతి మార్చిలోనూ వాటిని కొన్న ధరకే లెక్కకట్టి, ఆ స్టాకు షీటు మీద సంతకం తీసుకున్నది నేనే.

నెల్లూరులో ఇరవై ఏళ్లకు పైగా ట్యాక్స్ ప్రాక్టీసు చేస్తున్నాను. 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చినప్పుడు ఈ షాపు నా దగ్గరికి వచ్చింది. 2024 జూలైలో మూతపడేదాకా దాని లెక్కలన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి. పెద్దాయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. షాపు పేరు రాయడం లేదు. అంకెల్ని దగ్గరి లక్షకు కుదించాను. ఆ షాపు ఎందుకు పోయిందని ఊళ్లో ఎవరినడిగినా ఆన్‌లైన్ దెబ్బ అనో, చైన్ షోరూముల దెబ్బ అనో చెప్తారు. ఆ దెబ్బలు నిజమే. అవి తగిలేనాటికే లోపల జబ్బు ముదిరి ఉంది. నా కాగితాల్లో ఆ జబ్బు బలంలాగా కనబడింది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఈ సంగతే.

చిన్నబజారు రోజులు

1994లో చిన్నబజారులో పదడుగుల వాకిలి ఉన్న కొట్టుతో మొదలైంది. పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున రైలెక్కి చెన్నై వెళ్లేవారు. సౌకార్‌పేట సందుల్లో తిరిగి, నాలుగైదు మూటలు కట్టించి, రాత్రికి వచ్చేసేవారు. కొనేది కొంచెం, వెళ్లేది తరచుగా. బోణీ దగ్గర్నుంచి షట్టరు వేసేదాకా కౌంటరు దగ్గర ఆయనే నిలబడేవారు.

ఆయన జేబులో ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. అందులో అమ్మినవి రాసుకునేవారు కాదు, కస్టమర్లు అడిగినా కొట్లో లేనివి రాసుకునేవారు. 'ఆకుపచ్చ చొక్కా 42 సైజు, బుచ్చి నుంచి వచ్చినాయన అడిగాడు.' 'కాటన్ లెహంగా ఆరేళ్ల పిల్లకు, ముగ్గురు అడిగారు.' తర్వాతి చెన్నై ప్రయాణానికి అదే కొనుగోలు జాబితా. నెల దాటినా కదలని సరుకును వాకిట్లో గంపలో పోసి అసలు ధరకే ఇచ్చేసేవారు. "గంపలో ఏముందో చూద్దాం" అని వచ్చి, లోపల ఇంకో రెండు కొనుక్కుపోయేవాళ్లు ఎందరో.

నెల్లూరు వ్యాపారానికి ఒక క్యాలెండర్ ఉంది. సంక్రాంతి, ఆ తర్వాత కోతలు. ధాన్యం డబ్బు చేతికొచ్చాక పెళ్లిళ్లు, జూన్‌లో బడులు, దసరా, దీపావళి, క్రిస్మస్. వీటి మధ్య ఏటా ముందుకు జరిగే రంజాన్, బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ. కోవూరు, పొదలకూరు, ఆత్మకూరు వైపు ఎప్పుడు కోతలు పడతాయో, ఎవరి చేతిలో ఎప్పుడు పైకం ఉంటుందో పెద్దాయనకు నోటిమీద ఉండేది.

2007-08 లెక్కలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. అమ్మకం 1 కోటి 64 లక్షలు. ఆ సరుకు కొన్న ఖరీదు 1 కోటి 32 లక్షలు. షాపులో నిలవ 22 లక్షలే. అంటే పెట్టిన సరుకు ఏడాదికి ఆరుసార్లు తిరిగింది. వంద రూపాయల ఖరీదు మీద లాభం ఇరవై నాలుగే. అయినా ఆరుసార్లు తిరగడంతో, నిలవలో ఉన్న ప్రతి వంద రూపాయలూ ఏడాదికి 145 రూపాయల స్థూల లాభం, అంటే అద్దె, జీతాల్లాంటి ఖర్చులు తీయకముందు లాభం, తెచ్చింది. ఈ 145ని గుర్తుపెట్టుకోండి, ముందు మళ్లీ వస్తుంది.

ట్రంకు రోడ్డు

2009లో ట్రంకు రోడ్డులో రెండంతస్తుల భవనం అద్దెకు తీసుకున్నారు. అప్పటికి ఊరు మారుతోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ కాలేజీలు నిండాయి, పల్లెల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఉంటూ ఆదివారం ట్రంకు రోడ్డుకు వచ్చేవారు. కృష్ణపట్నం రేవు 2008లో మొదలైంది. నెల జీతాల కుటుంబాలు పెరిగాయి. అద్దాల షోకేసు, ట్రయల్ రూము, 'ఒకే ధర' బోర్డు, కంప్యూటరు బిల్లు, ఏసీ, ఇవన్నీ ఒకేచోట పెట్టి ఈ షాపు ఆ జనానికి సరిగ్గా దొరికింది. పెళ్లి బట్టలకు చెన్నై టీ నగర్ వెళ్లే కుటుంబాలు పట్టుచీరలు అక్కడే కొన్నా, పిల్లలకూ కుర్రాళ్లకూ ఇక్కడే కొనడం మొదలుపెట్టాయి. 2012 దసరాకు ముందు ఆదివారం సాయంత్రం మెట్ల మీద క్యూ కట్టారు. నేనూ మా పాపకు గౌను కొందామని వెళ్లి, కౌంటరు దాకా చేరలేక వెనక్కి వచ్చాను. ఆ రోజు పెద్దాయన మొహంలో వెలుగు నాకు ఇంకా గుర్తుంది. దాన్ని ఆయన కష్టపడి సంపాదించుకున్నారు.

2013లో మూడో అంతస్తు, కావలిలో బ్రాంచి. మార్పు అక్కడే వచ్చింది, ఎవరమూ దాన్ని మార్పు అనుకోలేదు. పెద్దాయన చెన్నై వెళ్లడం మానేశారు. తిరుపూరు, బళ్లారి, ముంబై సరుకు ఏజెంట్లు శాంపిళ్లు పట్టుకుని షాపుకే వచ్చేవారు. దసరా సరుకు మే, జూన్ నెలల్లోనే బుక్ చేయాలి. ఎక్కువ సెట్లు తీసుకుంటే ఎక్కువ తగ్గింపు, తొంభై రోజుల అప్పు. ఆ తగ్గింపు చూసే పెద్దాయన పెద్దబ్బాయి ఎక్కువ బుక్ చేసేవాడు. తప్పంతా ఆ అబ్బాయిదని నేననను, కొనేటప్పుడు తగ్గిన ప్రతి రూపాయీ లాభంలాగే అనిపిస్తుంది. నోటుబుక్కు స్థానంలో కంప్యూటరు వచ్చింది. కంప్యూటరుకు అమ్మినది తెలుసు. అడిగి, లేక, వెళ్లిపోయినవాళ్ల సంగతి దానికి తెలియదు.

రెడీమేడ్ సరుకులో ఇంకో చిక్కు ఉంది. చొక్కాలు సెట్టుగా వస్తాయి, ఎస్ నుంచి డబుల్ ఎక్సెల్ దాకా. మధ్య సైజులు మొదటి వారంలోనే పోతాయి. అటు చివరవి, ఇటు చివరవి మిగులుతాయి. వీటినే కట్ సైజులంటాం. సెట్టు మీద లాభం కనబడాలంటే చివరి చొక్కా కూడా అమ్ముడుపోవాలి. పది సెట్లు కొన్నప్పుడు మిగిలే కట్ సైజులను గంపలో పోసి అమ్మేయొచ్చు. మూడు వందల సెట్లు కొంటే వాటికి గది కావాలి. అలా తయారైందే ఆ మూడో అంతస్తు వెనక గది. ఏసీ షోరూము ముందు గంప పెడితే పరువు తక్కువని గంప పద్ధతి కూడా ఎత్తేశారు.

మూడు కాగితాలు

ఇక్కడ నా వృత్తి గురించి చెప్పాలి. మొదటి కాగితం లాభం లెక్క. దాన్ని ఎలా కడతామో వ్యాపారులందరికీ తెలుసు. మొదటి నిలవకు కొనుగోళ్లు కలిపి, అందులోంచి చివరి నిలవ తీసేస్తే అమ్మిన సరుకు ఖరీదు వస్తుంది. చివరి నిలవ ఎంత ఎక్కువ చూపిస్తే లాభం అంత ఎక్కువ కనబడుతుంది. అందుకే కొన్న ధర, అమ్మితే వచ్చే ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికే స్టాకు విలువ కట్టాలని అకౌంటింగ్ నియమం. 2013 జీన్స్‌ను 2019లో 650 రూపాయలకు లెక్కకడితే, రాని డబ్బును లాభంగా రాసుకున్నట్టే. దాని మీద పన్ను కూడా కట్టాం. ఏటా "లాభం బాగుంది, చేతిలో డబ్బు మాత్రం లేదు సార్" అని పెద్దాయన అనేవారు. ఆ డబ్బంతా మూడో అంతస్తులో అట్టపెట్టెల్లో ఉంది.

రెండో కాగితం బ్యాంకుకిచ్చే నెలవారీ స్టాకు స్టేట్‌మెంటు. క్యాష్ క్రెడిట్ లిమిట్‌లో, అంటే సరుకును ఆధారంగా చూసి బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితిలో, ఎంత వాడుకోవచ్చో దీన్నిబట్టి తేలుతుంది. స్టాకులోంచి సప్లయర్లకు ఇవ్వాల్సింది తీసేసి, మిగిలిన దానిలో 75 శాతం. 2019 మార్చిలో మా లెక్క ఇది: స్టాకు 2 కోట్ల 8 లక్షలు, సప్లయర్ల బాకీ 45 లక్షలు, మిగిలిన 1 కోటి 63 లక్షల్లో 75 శాతం అంటే 1 కోటి 22 లక్షలు. లిమిట్ 1 కోటి 20 లక్షలు, అంతా వాడేసి ఉంది.

మూడో కాగితం ఆ ఆదివారం రాత్రి నేను మొదటిసారి తయారుచేసింది. అదే స్టాకును వయసు ప్రకారం విడగొట్టాను. ఆరు నెలల లోపుది 74 లక్షలు. ఆరు నెలల నుంచి ఏడాది లోపుది 39 లక్షలు. ఏడాది దాటి రెండేళ్ల లోపుది 46 లక్షలు. రెండేళ్లు దాటినది 49 లక్షలు. అంటే 95 లక్షల సరుకు ఏడాదికి పైగా కదల్లేదు. దాన్ని తీసేసి బ్యాంకు లెక్క మళ్లీ కడితే వాడుకోదగ్గది 51 లక్షలే. మిగిలిన 69 లక్షల అప్పుకు ఆధారం ఆ అట్టపెట్టెలు. ఆ డబ్బులో కొంత ఇంటీరియర్‌కు పోయింది, కొంత మినీ బైపాస్ దగ్గర కొన్న స్థలానికి పోయింది. సరుకు తిప్పడానికి ఇచ్చిన అప్పు సున్నంలోనూ మట్టిలోనూ ఇరుక్కుంది.

ఇప్పుడు 145 దగ్గరికి వద్దాం. 2018-19లో అమ్మకం 5 కోట్ల 20 లక్షలు, ఖరీదు 3 కోట్ల 60 లక్షలు, స్థూల లాభం 1 కోటి 60 లక్షలు. 2007-08 కంటే అయిదు రెట్లు. నిలవ 2 కోట్ల 8 లక్షలు. ప్రతి వంద రూపాయల నిలవా తెచ్చింది 77 రూపాయలు. వంద మీద లాభం ఇరవై నాలుగు నుంచి నలభై నాలుగుకు పెంచుకున్నారు. సరుకు తిరగడం ఆరు నుంచి రెండు కంటే కిందికి పడింది. ఆ 77 లోంచే అద్దె, కరెంటు, ముప్పై నలుగురి జీతాలు, వడ్డీ. నిలవ ఉన్న 95 లక్షల మీద పదకొండు శాతం చొప్పున వడ్డీయే ఏడాదికి 10 లక్షలు దాటుతోంది.

తప్పిపోయిన అవకాశాలు

2016 నవంబరు 8 నోట్ల రద్దు తర్వాత రెండు నెలలు అమ్మకం సగానికి పడింది. సంక్రాంతి సరుకు మిగిలిపోయింది. అప్పటికైనా వదిలించుకోవాల్సింది. 2017 జూన్‌లో ఇంకా మంచి అవకాశం వచ్చింది. జూలై 1 నుంచి జీఎస్టీ అనగానే దేశమంతా పెద్ద షాపులు పాత స్టాకును తగ్గింపులో అమ్మేశాయి. మా షాపు అమ్మలేదు. వెయ్యి లోపు బట్టలకు 5 శాతం, వెయ్యి దాటితే 12 శాతం కదా, ధరలు పెరుగుతాయి, ఉంచుకుంటే మనకే మేలు అనుకున్నారు. పాత సరుకుకు పాత ఫ్యాషన్ అనే పన్ను ఒకటుందని నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనేటప్పుడు కట్టిన పన్నులో తిరిగి సర్దుకునేది, ఎంతొస్తుందో లెక్క వేసి చూపించి ఊరుకున్నాను.

తర్వాత ఆషాఢం సేల్ సాగడం మొదలైంది. మొదట పదిహేను రోజులు, తర్వాత నెల, 2018 నాటికి ఏదో ఒక పేరుతో ఏడాదిలో అయిదు నెలలు. విచిత్రం ఏమిటంటే సేల్‌లో పోయేది కూడా కొత్త సరుకే. పాతదాన్ని కొన్న ధర కంటే తక్కువకు ఇవ్వడానికి పెద్దాయన మనసు ఒప్పుకోలేదు. దాంతో లాభం ఉన్న సరుకు మీద తగ్గింపు ఇచ్చారు, లాభం లేనిది అలాగే ఉంది. కొనేవాళ్లు సేల్ కోసం ఆగడం నేర్చుకున్నారు.

సరిగ్గా అప్పుడే పెద్ద చైన్లు మన ఊళ్లలోకి వచ్చాయి. వాటి పద్ధతి గమనిస్తే నాకు చిన్నబజారు కొట్టే గుర్తొచ్చింది. టాటా వారి ట్రెంట్ కంపెనీ జూడియోనే తీసుకోండి. 2016లో మొదలై 2025 మార్చి నాటికి 765 షాపులైంది. సొంత బ్రాండు బట్టలే అమ్ముతుంది, ఎక్కువ భాగం 999 రూపాయల లోపే. ఆన్‌లైన్‌లో అమ్మదు. రాక్‌ల మీద సరుకు త్వరత్వరగా మారుతుంది కాబట్టి ఈ వారం చూసినది వచ్చే వారం ఉండకపోవచ్చు, అందుకే కుర్రాళ్లు అప్పుడే కొంటారు. అంతా ఆన్‌లైన్ వల్లే అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. తక్కువ లాభం, తరచు కొత్త సరుకు. పెద్దాయన 1994లో చేసింది కూడా అదే.

ఇంగ్లండులో టాప్‌షాప్ కథ నేను ఆ రోజుల్లో శ్రద్ధగా చదివాను. 1964లో షెఫీల్డ్‌లో ఒక పెద్ద స్టోరులో భాగంగా మొదలై, లండన్ ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో మహా షోరూముగా ఎదిగింది. దాన్ని నడిపే ఆర్కేడియా గ్రూపును 2002లో ఫిలిప్ గ్రీన్ కొన్నారు. 2005లో యజమాని కుటుంబానికి 120 కోట్ల పౌండ్ల డివిడెండ్ ఇచ్చారు, దానికోసం కంపెనీ అప్పు చేసింది. తర్వాతి పదేళ్లలో వ్యాపారం ఆన్‌లైన్‌కు మళ్లుతుంటే వాళ్లు ఆలస్యంగా కదిలారు. 2020 నవంబరు 30న ఆర్కేడియా దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పదమూడు వేల ఉద్యోగాలు ప్రమాదంలో పడ్డాయి. 2021 ఫిబ్రవరిలో ఏసాస్ అనే ఆన్‌లైన్ కంపెనీ టాప్‌షాప్ పేరును కొనుక్కుంది, షాపుల్ని తీసుకోలేదు. మన మినీ బైపాస్ స్థలానికీ ఆ డివిడెండుకూ అంకెల్లో పోలికే లేదు. వరస మాత్రం ఒకటే. షాపు బాగా నడుస్తున్న రోజుల్లో అప్పు మీద డబ్బు బయటికి తీశారు, కష్టం వచ్చిన రోజున షాపు దగ్గర ఏమీ లేదు.

చివరి అయిదేళ్లు

2019 ఏప్రిల్‌లో నేనొక సలహా ఇచ్చాను. 95 లక్షల పాత సరుకును వచ్చినకాడికి అమ్మేద్దాం, 40 లక్షలు రావచ్చు. 55 లక్షల నష్టం ఈ ఏడాదే పుస్తకాల్లో రాద్దాం. స్థలం అమ్మి బ్యాంకు లిమిట్ తగ్గిద్దాం. మూడో అంతస్తు ఖాళీ చేద్దాం. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నష్టం రాసిన పుస్తకం చూపిస్తే బ్యాంకు ఏమంటాది సార్? స్థలం అమ్మితే బజారేమంటాది?" అన్నారు. రెండూ నిజమైన భయాలే. కూతురి పెళ్లి సంబంధం మాట్లాడుతున్న రోజులవి. నేను ఇంకోసారి అడగలేదు. అడగాల్సింది.

2020 ఉగాది మార్చి 25న. లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. ఉగాది, ఎండాకాలం పెళ్లిళ్లు, మే చివర్లో రంజాన్, ఈ మూడింటికీ తెచ్చిన సరుకు షట్టరు వెనక ఉండిపోయింది. ఆగస్టు వరకు మారటోరియం, అంటే బ్యాంకు బాకీ కట్టడానికి విరామం, ఇచ్చారు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది. కేంద్రం గ్యారంటీతో బాకీలో 20 శాతం అదనపు అప్పు దొరికింది. అది ఊపిరి పోసింది, కాదనను. కానీ 2021లో దాని వాయిదాలు మొదలయ్యేసరికి మూడో అంతస్తుకు కస్టమర్లు ఎక్కడం మానేశారు. కావలి బ్రాంచి 2022లో మూశారు. అక్కడి సరుకు కూడా నెల్లూరు గదికే వచ్చింది.

చివరి దెబ్బ ఎవరూ ఊహించని చోటు నుంచి వచ్చింది. 2023-24 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బి కింద కొత్త నిబంధన పెట్టారు. సూక్ష్మ, చిన్న తయారీదార్లకు 15 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటి మార్చి 31కి బాకీ ఉంటే ఆ ఏడాది అది ఖర్చు కింద చెల్లదు. చిన్న తయారీదార్లకు ఇది మేలు చేసే నిబంధన, నేను దాన్ని తప్పుపట్టను. తొంభై రోజుల అప్పు మీద బతుకుతున్న షాపుకు మాత్రం గొంతు దగ్గర చెయ్యి పడ్డట్టయింది.

2024 ఆషాఢంలో మూసివేత సేల్ పెట్టారు. గంప మళ్లీ వాకిట్లోకి వచ్చింది. మొదటి మూడు రోజులు జనం 2012 దసరాలాగా కట్టకట్టుకుని వచ్చారు. పాత కస్టమర్లు కొందరు కొనడానికి కాక పెద్దాయనను పలకరించడానికి వచ్చారు. మిగిలిన పాత సరుకును చెన్నై లాట్ వ్యాపారి ఒకాయన కిలోల లెక్కన తీసుకున్నాడు. బూట్‌కట్ జీన్స్ కూడా ఆ లారీలోనే వెళ్లాయి. 2019లో 40 లక్షలు వచ్చే సరుకుకు 11 లక్షలు వచ్చాయి. స్థలం అమ్మి బ్యాంకు బాకీ తీర్చారు. స్టాఫ్‌లో అయిదేళ్లు దాటినవాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలి. ఏటా అందుకు పక్కన పెట్టించాల్సిన నేనే పెట్టించలేదు. పెద్దాయన ఒక్క మాట అనకుండా అదీ స్థలం డబ్బులోంచే లెక్కకట్టి, ఒక్కొక్కరి చేతికి ఇచ్చారు. పదిహేనేళ్లు చీరల సెక్షన్లో పనిచేసిన ఒకావిడ ఆ డబ్బుతో వేదాయపాళెంలో కుట్టుమిషన్లు రెండు పెట్టుకుంది.

ఆ ఏడాది నుంచి నా క్లయింట్లందరి స్టాకు షీటులో ఒక గడి అదనంగా పెట్టించాను: సరుకు వచ్చిన నెల. కొందరు విసుక్కుంటారు. ఆ గడి నింపనిదే బ్యాలెన్స్ షీటు మొదలుపెట్టనని చెప్తాను.

పెద్దబ్బాయి ఇప్పుడు స్టోన్‌హౌస్‌పేటలో నాలుగు వందల చదరపు అడుగుల కొట్టు నడుపుతున్నాడు, పిల్లల బట్టలు మాత్రమే. ప్రతి టాగ్ వెనకా పెన్సిల్‌తో వచ్చిన నెల రాసి ఉంటుంది. తొంభై రోజులు దాటినవి గంపలోకి వెళ్తాయి. పోయిన నెల లెక్కలకు వెళ్తే పెద్దాయన కౌంటరు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎవరో అయిదేళ్ల బాబుకు పసుపు రంగు పంచె, కండువా సెట్టు అడిగి, లేదంటే వెళ్లిపోయారు. ఆయన జేబులోంచి నోటుబుక్కు తీసి రాసుకున్నారు.